తమ్ముడి పేరున్న వరుస

ఆసుపత్రి కంప్యూటర్ గదిలోని తొమ్మిది లినక్స్ సర్వర్లూ నేరుగా ఇంటర్నెట్ మొహం చూడవు. ప్రాక్సీ అనే కాపలా సర్వర్‌కి పేరూ పాస్‌వర్డూ చెప్పుకుంటేనే బయటికి దారి. రోజూ పొద్దున్న ఆరింటికి ప్రతి సర్వర్‌లోని ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాం ఆ దారినే వెళ్లి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటుంది. అందుకోసం యంత్రాలకి విడిగా ఒక ఖాతా ఉంది. తొమ్మిది సర్వర్ల సెట్టింగుల ఫైళ్లలోనూ దాన్ని రాయాల్సిన చోట, అక్కాతమ్ముళ్లిద్దరూ పనిచేసే ఆ గదిలో, తమ్ముడు మహానుభావుడు తొందరకొద్దీ సొంత పేరూ సొంత పాస్‌వర్డూ రాసిపారేశాడు.

పట్టుకున్నది అక్కే. ఆ గదికి పెద్ద ఆవిడే. తమ్ముణ్ని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని నలుగురి ముందూ దులిపేసింది. అక్కడితో ఊరుకోవచ్చుగా! నాలుగు రోజులు వాడితో మాట్లాడటమే మానేసింది. ఆదివారం వాడి బండిని లారీ గుద్దింది. ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయింది.

మూడు వారాలైంది. అయినా ఎవరెవరు బయటికి వెళ్లారో ప్రాక్సీ రాసుకునే లాగ్‌లో రోజూ ఆరింటికి వాడి పేరు తొమ్మిదిసార్లు పడుతూనే ఉంది. ఆవిడ పెందలాడే వచ్చి కూర్చుని చూసేది. వాడు లేడని తెలియక కాదు. ఆ పేరు కనబడితే గుండె కాస్త కుదుటపడేది. వాడి ఖాతా మూసేయాలని ఆసుపత్రి మేనేజరుగారు రెండుసార్లు మెత్తగా అడిగితే, రేపు, ఎల్లుండి అని దాటేసింది. మూడోసారి ఆయన అడగలేదు. సాయంత్రం మూసేస్తున్నామని చెప్పేశాడు. ఈలోగా ఫైళ్లు మార్చకపోతే సర్వర్లకి అప్‌డేట్లు ఆగిపోతాయి.

పళ్ల బిగువున ఎనిమిదింట్లో మార్చేసింది. తొమ్మిదోది తెరిచేసరికి, వాడి పేరున్న వరుసకి పైన ఇంకో వరుస కనిపించింది. మొదట హాష్ (#) గుర్తు ఉంది. అది ఉంటే యంత్రం ఆ వరుస జోలికి పోదు. చదివే మనుషుల కోసం రాసుకునేది అది.

"సోమవారం అన్నీ మార్చేసి అక్కకి చూపించాలి. అప్పుడైనా మాట్లాడుతుంది."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ ఏడుపు ఆగలేదు. నాలుగు రోజులు! ఏం సాధించినట్టు?

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, కింది వరుసలో వాడి పేరు చెరిపి యంత్రాల ఖాతా రాసింది. పై వరుసని ముట్టుకోలేదు. ప్యాకేజీ మేనేజర్‌ని నడిపిస్తే అంతా ఏ అడ్డూ లేకుండా వచ్చేసింది.

"మార్చేశాన్రా," అంది పక్కనున్న ఖాళీ కుర్చీతో. "మాట్లాడుతున్నానుగా. నువ్వూ ఒక్క మాట మాట్లాడరా."