సూదంటురాయికి మేత

యోవానీ టాక్సీని గొలుసు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. యోవానీని అప్పటికే పూడ్చేశాం. తార్మాకి పోయే కొండదారి దిగుడులో కారు ఎడమకి లాగేసి కొండని గుద్దింది. పక్కసీటులో కూర్చున్న తమ్ముడు దెల్ఫిన్ బతికాడు.

"అన్న బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. కాలికింద పెడల్ గిలగిల కొట్టుకుంది గానీ బండి ఆగలేదు" అన్నాడు వాడు.

పోలీసులు అతివేగం అని రాసుకుని పోయారు. చచ్చినవాడు కాదనడు కదా.

యోవానీకి నేను జ్ఞానస్నానపు తండ్రిని. అందుకని వాళ్లమ్మ ఎయుదోసియా నాకు కొమాద్రే, ఆమెకి నేను కొంపాద్రే. మా హువాంకాయో ఊళ్లో ఈ వరస తోబుట్టువుల కన్నా గట్టిది. బండి బాగైతే ఇక దెల్ఫిన్ నడపాలి, ఇల్లు గడవాలి.

"బాగుచెయ్యడం తర్వాత. ఎందుకు ఆగలేదో చెప్పు కొంపాద్రే. నా కొడుకు దూకుడుగా పోయే రకం కాదు" అంది.

స్కానర్ తగిలిస్తే లోపమేమీ లేదంది. కారుని లేపి, ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పుతూ తెరమీద అంకెలు చూశాను. మూడు చక్రాలకి వేగం కనిపించింది. ముందు కుడి చక్రానికి మాత్రం సున్నా. ఉండుండి ఒక అంకె, మళ్లీ సున్నా. అంటే తిరుగుతున్న చక్రం, బ్రేకుల్ని అదుపుచేసే ఏబీఎస్ లెక్కలో బిగుసుకుపోయింది. బిగిసిన చక్రానికి బ్రేకు వదలడమే దాని పని. ఎడమది పట్టింది, కుడిది వదిలింది, బండి కొండకేసి తిరిగింది.

చక్రం విప్పాను. చక్రం వేగం కొలిచే సెన్సర్ పక్కనే తీగతో కట్టిన ఎర్రగుడ్డ మూట. లోపల సూదంటురాయి. గుడ్డమీదా సెన్సర్ మూతిమీదా ఇనుపరజను గడ్డంలా మొలిచి ఉంది.

ఆ రజను ఎక్కడిదో నాకు తెలుసు. శుక్రవారం శుక్రవారం ఎయుదోసియా నా గ్రైండరు కింద ఊడ్చుకుపోయేది. వారం వారం రజను మేతపెట్టిన సూదంటురాయి బిడ్డని ఇంటికి లాక్కొస్తుందని మా ఆడవాళ్ల నమ్మకం. అందరూ పర్సులో పెడతారు, సీటు కింద పెడతారు. ఈవిడకి చక్రం తోచింది.

మూట జేబులో వేసుకున్నాను. సెన్సర్ తుడిచి తిప్పితే అంకెలు బుద్ధిగా వచ్చాయి.

శుక్రవారం ఆమె నల్లబట్టల్లో వచ్చింది. చేతిలో పొట్లం కాగితం.

"తెలిసిందా?"

"సెన్సర్ వైరు తెగింది. ఆ దారి అలాంటిది."

"అయితే వాడి తప్పు లేదు."

"లేదు."

ఆమె భుజాలు కాస్త దిగాయి. "కొంచెం రజను ఊడ్చుకోనా? దెల్ఫిన్‌కి పెద్దరాయి కొన్నాను. పాతది చిన్నదైపోయింది, వాణ్ణి లాగలేకపోయింది."

"ఇలా ఇవ్వు, సీటు కింద నేనే కడతాను."

"నువ్వా? చర్చికే రావు, నీ చేత్తో కడితే రాయి కూడా మొద్దుబారుతుంది. చక్రం దగ్గరే కట్టాలి. దారిని తొక్కేది అదే కదా."

"చక్రం దగ్గర వద్దు కొమాద్రే."

"ఏం?"

వేడి అందామనుకున్నాను. బురద అందామనుకున్నాను. ఏం చెప్పినా ఈవిడ నేను లేనప్పుడు వంగి కట్టేస్తుంది. దెల్ఫిన్ కూడా ఆ దిగుడే దిగాలి.

మూట తీసి బల్లమీద పెట్టాను.

ఆమె దాన్ని చూసింది. నన్ను చూసింది.

"వైరు అన్నావు."

"అన్నాను."

చేతిలో కాగితం మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"దాన్ని ఒక్క వారం కూడా పస్తు పెట్టలేదు కొంపాద్రే" అంది.

"అది నా షెడ్డులో రజనే కొమాద్రే" అన్నాను. అంతకు మించిన ఓదార్పు నాకు చేతకాలేదు.