సగం కీర్తన

ఖానాపూర్ దగ్గరి ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్లలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి ముంతలో వేసేవారు. నెలకోసారి సైకిలు మీద వచ్చే పాస్టరు అయ్యగారికి అవి చేరేవి. సంఘ పెద్ద లచ్చయ్య ఇంట్లో ఆ ముంత ఎన్నడూ వెలితి పడలేదు. మిషను బడిలో నాలుగు తరగతులు చదివినవాడు కనుక, సంఘానికున్న ఒక్క బైబిలు గ్రంథం కూడా అతని ఇంట్లోనే ఎర్రగుడ్డలో చుట్టి ఉండేది.

తాను లేనప్పుడు రోగుల దగ్గరికి మీరే పోయి వాక్యం చదవాలని అయ్యగారు ఓసారి సంఘంలో అందరితో చెప్పారు.

"బియ్యం మేమిస్తం, ప్రార్థన మీరు చెయ్యాలె. ఎవల పని వాళ్లదే గద అయ్యా" అన్నాడు లచ్చయ్య. అందరూ నవ్వారు. అయ్యగారు నవ్వలేదు.

ఆ వానాకాలం సంఘంలోని బాలమల్లు జ్వరంతో మంచం పట్టాడు. తనకిష్టమైన కీర్తన ఒక్కసారి చదివి పొమ్మని పక్కింటి కొమురవ్వతో లచ్చయ్యకు కబురంపాడు. లచ్చయ్యకు పోవాలనే ఉంది. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు చదవడమనుకుంటేనే భయమేసింది. తప్పు చదివితే? తనలాంటివాడు చదివితే దేవుడు వింటాడా? ఆదివారం అయ్యగారు వచ్చి చదువుతారులే అని కొమురవ్వను పంపేశాడు.

ఆదివారం వాగు పొంగింది. అయ్యగారు రాలేదు. మంగళవారం పొద్దున బాలమల్లు ప్రాణం పోయింది.

లచ్చయ్య ఆ ఇంటికి వెళ్లేసరికి కొమురవ్వ గడపలో కూర్చుని ఉంది. వారం రోజులు ఆమే గంజి తాగించింది, చేతనైన మాటలతో ప్రార్థన చేసింది. ఆమెకు అక్షరం రాదు.

"రోజు గా కీర్తనే అడిగిండన్నా. నాకు సగమే వచ్చు. గంతదాంక చెప్పి ఆగుతుంటి. తర్వాతిది ఏందే అంటుండె. లచ్చన్న వస్తడు, చెప్తడు అంటుంటి."

ఆమె దెప్పిపొడవలేదు. జరిగింది చెప్పిందంతే. లచ్చయ్య అక్కడ నిలబడలేకపోయాడు.

వాగు తగ్గలేదు, శవాన్ని ఆపే వీలు లేదు. గోతి దగ్గర లచ్చయ్య ఎర్రగుడ్డ విప్పాడు. కీర్తన మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్క మాటా తప్పు పోలేదు. ఇంతేనా, దీనికేనా భయపడ్డది అనిపించి తల ఇంకా వంగిపోయింది. సగం వరకు కొమురవ్వ పెదవులు అతనితోపాటు కదిలాయి. ఆ తర్వాత ఆమె కళ్లు మూసుకుని విన్నది.

మరుసటి నెల అయ్యగారు వచ్చి, బాలమల్లు శవాన్ని మట్టి చేయించినందుకు అందరి ముందూ లచ్చయ్యను మెచ్చుకున్నారు. లచ్చయ్య లేచి నిలబడ్డాడు, తలెత్తలేదు.

"నన్ను మెచ్చుకోకుండ్రి అయ్యా. బాలమల్లు బతికున్నప్పుడు కొమురవ్వ ఆయన దగ్గరికి పోయింది. ఆయన సచ్చినంక నేను చదివిన."

ఆరాధన అయ్యాక కొమురవ్వ అతని దగ్గరికి వచ్చింది.

"గా మిగిలిన సగం నాకు నేర్పన్నా. పోశవ్వ కూడ మంచంల పడ్డది."

లచ్చయ్య ప్రార్థన గుడి మెట్ల మీద కూర్చుని గుడ్డ విప్పాడు. ఆమెకు రాని తొలి మాట మీద, బాలమల్లు రోజూ అడిగిన ఆ మాట మీద, వేలు పెట్టి ఆగాడు. కొమురవ్వ తొందరపెట్టలేదు. అతను చెప్పాడు, ఆమె తిరిగి చెప్పింది. తర్వాత ఇద్దరూ లేచి పోశవ్వ ఇంటికి నడిచారు. గ్రంథం లచ్చయ్య చేతిలోనే ఉంది.