కడ్డీ లేనిదే కదలదు

పొద్దుటి నుంచి బురుల్చాకి ఒళ్ళు మండిపోతోంది, ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. కరా-సాయ్ స్టేషన్‌లో ఆ పూట డ్యూటీ ఆమెది. ప్లాట్‌ఫాం మీద ప్యాసింజరు రైలు నిండుగా జనంతో నిలబడి ఉంది. ఎదురుగా కొండల మధ్య తెరెక్ వైపు పోయే ఒంటి పట్టాల దారి బోసిగా పడి ఉంది. అయినా రైలు కదలడానికి వీల్లేదు.

ఆ రైలెక్కిన వాళ్ళలో ఆమె భర్తకు అన్న, శార్శెన్ ఉన్నాడు. ఆయన అక్క కాలిపా నిన్న తెరెక్‌లో పోయింది. తల్లి లేని ఆయన్ని చంకనేసుకుని పెంచిన అక్క. మధ్యాహ్నం నమాజు కాగానే ఆవిడని మట్టి చేస్తారు. బురుల్చా భర్త ముందే వెళ్ళిపోయాడు. తర్వాత వరద వచ్చి రోడ్డు కొట్టుకుపోయింది, ఇక మిగిలింది ఈ రైలొక్కటే. అక్క మీద గుప్పెడు మన్ను తన చేత్తో వెయ్యాలి, శార్శెన్‌కి ఇంకేమీ అక్కర్లేదు.

డ్యూటీ గదిలో ఎర్రరంగు ఇనప పెట్టె ఉంది. అలాంటిదే తెరెక్‌లోనూ ఉంది. తీగతో కలిపిన ఆ రెంటి నిండా జానెడేసి ఇనప కడ్డీలుంటాయి. ఒక పెట్టెలోంచి ఒక్క కడ్డీ తీస్తే చాలు, రెండు పెట్టెలూ నోరు మూసుకుంటాయి. తీసిన కడ్డీ మళ్ళీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా ఇంకోటి ఊడి రాదు. కడ్డీ చేతిలో లేనిదే ఏ డ్రైవరూ బండి తియ్యకూడదు. ఒకే దారి మీద రెండు రైళ్ళు ఎదురుబొదురు కాకుండా ఇన్నేళ్ళుగా కాపాడుతున్నది ఈ ఏర్పాటే.

పొద్దున్న గూడ్సు డ్రైవరు ఓసోర్ ఆమె చేతిలోంచి కడ్డీ అందుకుని వెళ్ళాడు. గూడ్సు క్షేమంగా చేరిందని తెరెక్ స్టేషన్ మాస్టరు జుమాదిల్ ఫోన్ చేసి చెప్పాడు. కడ్డీ సంగతి అడిగితే నీళ్ళు నమిలాడు. బండి మొత్తం వచ్చిందో లేదోనని తను ఆఖరి డబ్బా చూడ్డానికి వెళ్ళి వచ్చేసరికి ఓసోర్ ఇంజను దిగి ఎటో పోయాడట. కడ్డీ అతని దగ్గరే ఉందట. క్యాంటీన్‌లో లేడు, విశ్రాంతి గదిలో లేడు, అతని చెల్లెలి ఇంట్లోనూ లేడు. పట్నంలో ఉన్న కంట్రోలరుకి బురుల్చా ఫోన్ చేస్తే, ముందు కడ్డీ ఎక్కడుందో తేల్చండి, తర్వాత కడ్డీ బదులు కాగితం మీద అనుమతి మాట ఆలోచిద్దాం అని పెట్టేశాడు.

ఆమె పెట్టె పిడి ఇంకోసారి లాగింది. రాదని తెలుసు, అయినా లాగింది.

కిటికీ దగ్గర నీడ పడింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆమె బావగారి ఎదుట తలెత్తి మాట్లాడింది లేదు, ఆయన పేరు నోటితో పలికింది లేదు. ఇప్పుడూ రైల్వే టోపీ కింది తలగుడ్డ ముందుకు లాక్కుని, చూపు బల్ల మీదే ఉంచింది.

"అమ్మాయ్, గూడ్సు చేరిందని నువ్వే అన్నావు. దారి ఖాళీ అని నువ్వే అన్నావు. ఇంకేం అడ్డం?"

"కడ్డీ రాలేదండీ."

"జానెడు ఇనప ముక్క కోసం నన్ను మా అక్కకి కాకుండా చేస్తావా?"

"దారి ఖాళీ అని జుమాదిల్ నోటితో చెప్పాడు బావగారూ. నోటిమాట మీద ఇంతమందిని పంపలేను."

ఆయన విసురుగా ఇంజను దగ్గరికి వెళ్ళాడు. డ్రైవరు గెన్నాది మెట్టు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఊస్తున్నాడు. ఆమెనేమీ అడక్కండి, ఆమె పొమ్మన్నా నేను పోను, నాకు పెళ్ళాం పిల్లలున్నారు, ఎదురొచ్చే ఇంజనుకి ఆ సంగతి తెలియదు అన్నాడు. పెరుగు బిందె పట్టుకున్న ఒక ముసలావిడ మాత్రం, టోపీ పెట్టుకోగానే అత్తింటివాళ్ళు పరాయివాళ్ళయిపోతారు కాబోలని అందరికీ వినబడేలా అంది. బురుల్చా విననట్టే ఊరుకుంది. లోపల మాత్రం ఆ బిందె పట్టాల మీద బోర్లించాలనిపించింది.

తెరెక్‌కి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. వెతుకుతున్నాం, వెతుకుతున్నాం. ఎక్కడ వెతుకుతున్నారో వాళ్ళకే తెలియాలి. ఎండ నడినెత్తికొచ్చింది. శార్శెన్ ప్లాట్‌ఫాం చివరికి వెళ్ళి పట్టాల వంక చూస్తూ నిలబడ్డాడు. నడిచి వెళ్తే ఏ రాత్రికో చేరతాడు. నడిచీ లాభం లేదు, ఉండీ లాభం లేదు. ఆయన వీపు చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది, ఆ వెనకే తన ఉద్యోగం మీద అసహ్యమూ వేసింది.

చివరికి ఫోన్ మోగింది. జుమాదిల్ గొంతు పీలగా ఉంది.

ఓసోర్ దొరికాడు. బండి దిగుతూనే పట్టాల అవతలి ఇంట్లోంచి ఏడుపులు విన్నాడట. దారిన పోయే ప్రతి ఇంజనుకీ రొట్టె అందించిన చెయ్యి కాలిపాది. ఆవిడ పోయిందని తెలిశాక అతను ఆగలేదు. కడ్డీని బూటులో దోపుకుని, ఆచారం ప్రకారం గొంతెత్తి ఏడుస్తూ పరుగెత్తి, శవాన్ని ఉంచిన గుడారం ముందు ఏడ్చే మగవాళ్ళ వరసలో నిలబడ్డాడు. మసి బట్టల మనిషి కోసం ఆ వరసలో ఎవరూ చూడలేదు. కడ్డీ పోయిందంటే పరువు పోతుందని జుమాదిల్ ఆ ఇంటికి రైలు ఆలస్యమని మాత్రమే కబురు పెట్టాడు. పెద్ద తమ్ముడొచ్చేదాకా ఆగుదామని నమాజు అయ్యాక కూడా అందరూ ఆగారు. ఓసోర్ కూడా ఆగాడు. కరా-సాయ్ వాళ్ళు రైలెందుకు వదలరో, వాళ్ళకి చావూ బతుకూ పట్టదా అని అందరికంటే ఎక్కువ విసుక్కున్నది అతనే.

"ఇంక ఆపకూడదన్నారు పెద్దలు. మట్టి చేసేశారు," అన్నాడు జుమాదిల్. "మన్ను వెయ్యడానికి గొంతుక్కూర్చుంటే బూటులో గుచ్చుకుందట. అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడి తరఫున కూడా ఓ గుప్పెడు తనే వేశాడట."

జుమాదిల్ అక్కడ ఆ కడ్డీని తన పెట్టెలో వెయ్యగానే ఇక్కడి పెట్టె టక్కుమంది. ఇప్పుడు కడ్డీ వెన్నలో చాకులా ఊడి వచ్చింది. దాన్ని డ్రైవరుకి అందించే వలయపు కర్రకి తగిలించి బయటికి నడిచింది.

శార్శెన్ ఆమె చేతిలోని కడ్డీని చూశాడు. ఆమె తలెత్తింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది, దాంతో ఆమె చెప్పాల్సిన మాట సగం ఆయనకి అర్థమైంది. మిగతా సగం, బూటుతో సహా, ఆమె నోటితో చెప్పింది.

ఆయన కడ్డీ వంకే చూస్తూ అడిగాడు.

"వాడు గట్టిగా ఏడ్చాడా?"

"గొంతు పోయిందటండీ."

"ఊఁ," అని ఆయన రైలెక్కాడు. గెన్నాది కడ్డీ అందుకుని ఇంజను కూత వేయించాడు. రైలు మలుపు తిరిగేదాకా బురుల్చా జెండా పట్టుకుని నిలబడింది. తిట్టడానికి ఒక్క మనిషైనా మిగలలేదే అనిపించి ఇంకా ఉక్రోషమొచ్చింది.

గదిలోకి రాగానే మళ్ళీ ఫోన్. రైలు బయల్దేరిందా అని జుమాదిల్ అడిగాడు. పెద్దాయన దిగగానే ముందు తనే ఎదురెళ్ళి కావలించుకుని ఏడవాలని ఓసోర్ ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాడట, ఎవరు చెప్పినా కదలడం లేదట.

"నిలబడమనండి," అంది బురుల్చా. "ముందు బూట్లు విప్పి దులపమనండి."