అంచు రాళ్లు

ఇద్వల్ మోకాళ్ల కింద గోనెసంచి వేసుకుని మురుగుకాలువలోంచి మూడో బకెట్టు బురద తోడుతున్నాడు. సన్నగా వాన పడుతోంది. డెబ్భై రెండేళ్ల వీపు వంగినచోటే బిగుసుకుంది. కుడిచేతి మణికట్టు నుంచి మోచేయిదాకా పాత నిప్పురవ్వల మచ్చలు. వేల్సు కొండల్లో ఎప్పుడో మూతపడ్డ నాంట్‌హెలిగ్ స్టేషనును బాగుచేయడానికి ప్రతి శనివారం పద్నాలుగు మంది వస్తారు. మురుగు పనీ, ముళ్లడొంకల పనీ ఇద్వల్‌కే మిగులుతాయి. అప్పగించేవాళ్లంటూ ఎవరూ ఉండరు. మిగతా పనులన్నీ అప్పటికే ఎవరో ఒకరు తీసేసుకుని ఉంటారు.

టీ వేళకు అందరూ టికెట్ల గదిలో చేరారు. ఇద్వల్ బయటే చూరు కింద నిలబడి తన ఫ్లాస్కులోది తాగాడు. తలుపుకు రంగు వేస్తున్న హౌవెల్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"కాస్త ఎడంగా ఉండు పెద్దాయనా. ఈ తలుపన్నా మిగలనీ."

లోపల కొందరు నవ్వారు.

ఆ నవ్వుకు నలభై ఎనిమిదేళ్ల వయసుంది. వందేళ్లు పలకరాయినీ, పాలక్యాన్లనూ, పెళ్లిబృందాలనూ మోసిన రైలును లాభం లేదని ఆపేశారు. పట్టాలు పీకే గుత్తేదారు కూలీలకోసం వస్తే ఊళ్లో ఒక్కరూ కదల్లేదు. ఇద్వల్ వెళ్లాడు. గనిలో పని పోయి నాలుగు నెలలు, భార్యకు ఏడో నెల. స్టేషను మాస్టరూ, ఆయన పన్నెండేళ్ల కూతురు నెస్టా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తుండగా మొదటి పట్టాను గ్యాస్ కట్టరుతో కోసింది అతనే. మాస్టరు ఆ చలికాలం దాటలేదు. తర్వాత ఇద్వల్ ముప్ఫయ్యేళ్లు రోడ్ల గుంతలు పూడ్చాడు. భార్య పోయాక చర్చిలో చివరి బెంచీమీద ఒక్కడే కూర్చునేవాడు.

ఇప్పుడు నెస్టాయే ఈ స్టేషను బాగుచేసే సంఘానికి కార్యదర్శి. ప్లాట్‌ఫారం అంచుకు సిమెంటు దిమ్మెలు తెప్పిస్తున్నామనీ, పాతరాళ్లు ఎటు పోయాయో తెలియదనీ ఆమె లోపల చెబుతోంది. ఇద్వల్ మొదటిసారి గుమ్మం దాటాడు.

"అవి ఎక్కడికీ పోలేదు. సరుకుల షెడ్డు వెనక ఉన్నాయి."

వాటిని పగలగొట్టి రోడ్డు కంకరలో కలపమని గుత్తేదారు చెప్పాడట. ఇద్వల్ ఒక్కొక్కటే బోర్లా పరిచి మట్టి కప్పేశాడట.

నెస్టా ముఖం ఎర్రబడింది. "మా నాన్న కళ్లముందే అన్నీ కోశావు. రాళ్లమీద మాత్రం జాలి పుట్టిందా?"

"ఆయన వారం వారం వాటికి సున్నం కొట్టేవాడు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పను? పలకరించినవాళ్లెవరు?"



"అయితే తవ్వి చూపించు," అంది నెస్టా.

ఎవరూ సాయం పట్టలేదు. షెడ్డు వెనక మోకాలిలోతు తవ్వాక గడ్డపార రాతికి తగిలింది. మధ్యాహ్నం తిరిగేసరికి మూడు రాళ్లు వెల్లకిలా తిరిగాయి. నెస్టా వచ్చి ఒకదానిమీద మట్టిని బొటనవేలితో గీకింది. కింద సున్నం, పెచ్చులు కట్టి, ఇంకా తెల్లగా ఉంది.

"నువ్వు చేసినదానికి ఇది చాలదు," అంది.

"చాలదు," అన్నాడు ఇద్వల్.

ఆమె వెళ్లిపోయింది. అతను నాలుగోరాయి కిందికి గడ్డపార దూర్చి, జానెడు ఎత్తు లేపి, గడ్డపార కింద ఒక రాతిముక్క పెట్టాడు. ఊపిరి అందక, షెడ్డు గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

గేటు వేస్తున్నామని చెప్పడానికి హౌవెల్ వచ్చాడు. రెండుసార్లు పిలిచాడు. తర్వాత భుజంమీద చెయ్యి వేసి చూసి, మెల్లగా తన టోపీ తీశాడు.

అంబులెన్సు వెళ్లాక పనిముట్లన్నీ లెక్కగా లోపల పెట్టారు. గడ్డపారను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది సగం లేచిన రాతికింద అలాగే ఉండిపోయింది, అతని చేతులు పట్టిన చోట వాననీళ్లు నిలవకుండా జారిపోతుంటే.