గోడకి కూడా చెప్పని మాట

ఆ వాషర్ వేసింది తనే.

ఈ మాట ఆమె ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పైకి అనలేదు. అమ్మతో అనలేదు, స్నేహితురాలితో అనలేదు, తలుపు గడియ పెట్టుకుని ఒక్కతే కూర్చున్నప్పుడు కూడా అనలేదు. మిగతావాళ్ళకైతే మనసు బరువెక్కినప్పుడు గోడ వైపు తిరిగి గొణుక్కునే వీలుంటుంది. ఆమెకి అదీ లేదు. గోడలకి చెవులుంటాయని అందరికీ తెలిసిందే. విన్నదంతా కడుపులో దాచుకుని, కన్నం పెట్టగానే కక్కేస్తాయని కూడా తెలిసిందే. ఆ కన్నాలు పెట్టడమే ఆమె బతుకుతెరువు.

నిచ్చెన రెండేసి మెట్లు ఎక్కుతుందని ఆమెని అంతా ఉడత అంటారు. ఆ శనివారం పొద్దున ఉడత ఒక బడిపంతులు ఇంట్లో పుస్తకాల అర బిగించడానికి వెళ్ళింది. రోజూ అందర్నీ అడిగేదే ఆయన్నీ అడిగింది.

"ఈ గోడ దగ్గర ఏమన్నా మాట్లాడుకున్నారా సార్?"

"మంచం ఇక్కడే కదమ్మా ఉండేది," అని పంతులు నీళ్ళు నమిలాడు. "పోనీ, ఎదురు గోడకి పెడితే?"

"ఎదురు గోడకి కిటికీ ఉంది, అర పట్టదు," అంది ఆయన భార్య. "నువ్వు కానియ్యి అమ్మాయ్. దాచుకోవాల్సింది నేనేం అనలేదు."

డ్రిల్లింగ్ మిషన్ బిట్టు గోడలోకి గోరంత దిగగానే సిమెంటు పొడితోపాటు మాటలు రాలాయి. "ఫ్యాన్ తగ్గించు." "నువ్వే తగ్గించు, స్విచ్చి నీ వైపే ఉంది." మిషన్ ఎంత గోల చేసినా ఆ మాటలు మాత్రం చెవి పక్కన అన్నట్టే వినిపిస్తాయి. ఇంకాస్త దిగాక ఆవిడ గొంతే వచ్చింది: "మీ అక్క ఇంకా ఎన్నాళ్ళుంటుందట?"

"దాచుకోవాల్సింది ఏం అనలేదన్నావు," అన్నాడు పంతులు.

"దాచలేదుగా! ఆవిడ పక్కగదిలో ఉండగానే అన్నాను," అని ఆవిడ చేట తెచ్చి పొడి ఎత్తేసింది.

గోడలోంచి వచ్చింది చేటలోకి, చేటలోంచి చెత్తబుట్టలోకి. గడప దాటించకూడదు. ఈ పనిలో బాబాయి ఆమెకి నోటితో చెప్పింది ఆ ఒక్కటే. మిగతాదంతా ఆమె చూసి, విప్పి, చెడగొట్టి, బాగుచేసి నేర్చుకుంది.

బాబాయి అంటే నాన్నకి సొంత తమ్ముడు. ముప్పై ఏళ్ళు గోడలకి కన్నాలు పెట్టిన మనిషి. అరచెయ్యి ఆనించి, లోపల ఇటుక ఉందో, బోలుగా ఉందో, ఇనుప చువ్వ ఉందో చెప్పేవాడు. ఏడేళ్ళ కిందట, చదువు మానేసి ఇంట్లో ఉన్న రేడియోలూ మిక్సీలూ విప్పుతూ కూర్చున్న ఉడతని, "ఇక్కడ ఉంటే ఇల్లు మొత్తం విప్పేస్తుంది, నాతో పంపు వదినా," అని వెంట తీసుకెళ్ళాడు.

మిషన్‌లో క్లచ్ అని ఒకటి ఉంటుంది. బిట్టు లోపల చువ్వకి తగిలి ఇరుక్కుపోతే, తిరిగే బలమంతా వెనక్కి వచ్చి పట్టుకున్న మణికట్టుని మెలిపెట్టేస్తుంది. అలా కాకుండా క్లచ్ జారి, టర్‌ర్‌ర్ మని అరిచి, బిట్టుని దాని ఖర్మానికి వదిలేస్తుంది. పోయిన చలికాలం ఒక పాత భవనంలో పని చేస్తున్నప్పుడు గోడ నిండా చువ్వలే. క్లచ్ మాటిమాటికీ జారుతోంటే ఉడతకి చిరాకొచ్చింది. స్ప్రింగు నీరసపడిందనుకుంది. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళినప్పుడు మిషన్ విప్పి స్ప్రింగు కింద ఒక వాషర్ వేసి బిగించింది. ఆ తర్వాత మిషన్ ఒక్కసారి కూడా జారలేదు.

"ఏం చేశావే దీన్ని, కొత్తపెళ్ళికొడుకులా ఉరుకుతోంది?" అన్నాడు బాబాయి మురిసిపోతూ.

"తుడిచి గ్రీజు పెట్టా, అంతే," అంది.

నాలుగో రోజు బాబాయి స్టూలెక్కి దూలానికి కన్నం పెడుతున్నాడు. బిట్టు చువ్వలో చిక్కుకుంది. మిషన్ ఆయన చేతిలో గిర్రున తిరిగింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి, బట్టలు తేవడానికని ఇంటికొచ్చిన ఉడత, బట్టల కంటే ముందు మిషన్ విప్పి వాషర్ తీసేసింది. ఎందుకు తీసిందో అప్పుడు తనకే తెలియదు. చేతులు వాటంతటవే చేసేశాయి. ఏడు నెలలైంది. ఎముక అతికిందని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. అయినా బాబాయి పనికి రాలేదు. "కాస్త ఓపిక రానీ," అంటాడు. పిన్ని ఏం అనదు.

*

ఇప్పుడొక అయిదంతస్తుల కొత్త భవనంలో మెట్లకి చేతికమ్మీలు బిగించే పని వచ్చింది. కరెంటు ఇంకా ఇవ్వలేదు. వైరుతో నడిచే పాత మిషన్ పనికిరాదు. నిజం చెప్పాలంటే దాన్ని ముట్టుకున్నప్పుడల్లా ఉడతకి ఒళ్ళు జలదరిస్తోంది. అందుకని పంతులు ఇంట్లోంచి తిన్నగా పనిముట్ల షాపుకి వెళ్ళింది. బాబాయి ఎప్పుడూ కొనే షాపు అది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని దానికోసమే బల్లంతా వెతుకుతున్నాడు షాపాయన.

"నెత్తి మీద ఉంది," అంది ఉడత.

"తెలుసు, ఇంకోటి వెతుకుతున్నా," అని ఆయన బుకాయించాడు. "ఎన్ని కన్నాలు? దేంట్లో?"

"నూట ఇరవై. కాంక్రీటు. పన్నెండు ఎమ్మెమ్ బిట్టు. కరెంటు లేదు."

"అయితే ఆ పచ్చడబ్బాల జోలికి పోకు. పైన సుత్తి బొమ్మ ఉంటుంది, అది చూసి మోసపోతారు. అవి గోడని గీరతాయి, కొట్టవు. ఇటుకకి సరే. కాంక్రీటుకి నువ్వు దాని మీద పడుకున్నా దిగదు."

"నాకు తెలుసులెండి."

"తెలిసినవాళ్ళకి చెబితేనే నాకు తృప్తి. తెలియనివాళ్ళు వినరు."

బల్ల మీద మూడు పెట్టాడు. మూడూ బ్యాటరీవే, మూడింటికీ వెనక గాడులున్న బిట్టే పడుతుంది, మూడూ లోపల సుత్తి ఉన్నట్టు నిజంగా కొట్టేవే. మొదటిది తేలిక, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. కానీ దెబ్బలో బలం లేదు, పన్నెండు బిట్టు వేస్తే ఏడుస్తుంది. మూడోది గోడనే పడగొట్టేలా ఉంది.

"దీన్ని మూడో అంతస్తు దాకా నువ్వు మోస్తావు. ఆ తర్వాత అది నిన్ను మొయ్యాలి," అన్నాడు షాపాయన.

మధ్యది మూడు కిలోలు, బ్యాటరీతో కలిపి. ఉడత దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక కన్నానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు భుజం ఎత్తున చాచి నిలబడింది. మణికట్టు వణకలేదు. పక్కపిడి సరిగ్గా కుదిరింది. అటూ ఇటూ తిప్పి చూసింది. అడగాల్సింది ఒకటి మిగిలింది.

"దీని క్లచ్?"

"పెరట్లోకి పోయి నువ్వే చూసుకో."

షాపు వెనక పెరట్లో మనిషెత్తు గోడ ఒకటుంది. సగం ఇటుక, సగం కాంక్రీటు, లోపల కావాలని వేసిన చువ్వలు. కొనేవాళ్ళు పరీక్షించుకోవడానికి కట్టించాడు. పదేళ్ళుగా అది జల్లెడైపోయింది. ఉడత కాంక్రీటు వైపు, భుజం ఎత్తులో కాస్త ఖాళీ వెతుక్కుని, కాళ్ళు ఎడంగా పెట్టి, మీట నొక్కింది.

గోడలోకి మాట మెల్లగా దిగుతుంది. ఒక్కో రోజుది ఒక్కో పొర. పైన నిన్నటివి, వేలెడు లోతులో ఏళ్ళ కిందటివి. ముందు ఎవరో కొనుగోలుదారు గొంతు రాలింది: "పెద్దది కొంటే మా ఆవిడ నన్నే గోడకి బిగిస్తుంది." ఉడతకి నవ్వొచ్చింది.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే బాబాయి గొంతు వచ్చింది.

"సోమవారం నుంచి ఒక ఆఫీసు గేటు దగ్గర కూర్చుంటున్నాను. ఇంక రానులే ఇటు. కుర్చీ కూడా ఇస్తారట."

"ముప్పై ఏళ్ళ పనితనం తీసుకెళ్ళి గేటు తాళానికి పెడతావా?" షాపాయన గొంతు.

"తాళం అయితే ఎవరి చెయ్యీ విరగ్గొట్టదు."

సోమవారం అంటే ఎల్లుండి. గేటేమిటి? కుర్చీ ఏమిటి? పిన్ని ఒక్కమాట కూడా అనలేదే! వేలు మీట మీదే ఉంది. తియ్యాలని అనుకుంది, తియ్యలేదు. బిట్టు దిగుతూనే ఉంది.

"మూడింట్లో మధ్యది చేతికి అతికినట్టుంది."

"మరి నొక్కి చూడు. ఆరోసారి వస్తున్నావు, ఒక్కసారీ నొక్కలేదు."

కాసేపు ఉత్త పొడి రాలింది.

"నొక్కలేనయ్యా."

ఆమె ఎప్పుడూ వినని గొంతు అది. బాబాయిదే, కానీ ఎవరో లోపల నుంచి తోడేసినట్టుంది. ఇంకో పొర.

"మిషన్‌దేం తప్పు లేదు. ఆ పాతదాన్ని ఎడమచేత్తో నేనే విప్పి చూశాను. క్లచ్ కొత్తదానిలా జారుతోంది. మా ఉడత దాన్ని పసిపిల్లలా చూసుకుంటుంది మరి. చెడిపోయింది నా చెయ్యే. చెప్పాపెట్టకుండా పట్టు వదిలేసింది. ఆ రోజు ఆ పిల్ల స్టూలు పక్కనే నిలబడి ఉంది. మిషన్ దాని మొహానికి తగిలుంటే? ఇలాంటి చేత్తో ఇంకోళ్ళింట్లోకి ఎలా వెళ్ళను?"

ఆయన విప్పి చూశాడు. విప్పి చూసి, అంతా బాగానే ఉండటం చూసి, తన చెయ్యి మీద తనే తీర్పు చెప్పుకున్నాడు. ఆ బాగానే ఉండటం ఆమె చేసిన పనే. వాషర్ వేసినందుకు విరిగింది ఎముక, అది అతుక్కుంది. వాషర్ తీసేసినందుకు విరిగింది ఇంకేదో. అది ఎవరికీ కనబడక, ఏ డాక్టరూ కట్టు కట్టక, ఇన్ని నెలలు అలాగే ఉండిపోయింది.

షాపాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

బిట్టు ఇంకా లోపలికి పోయింది. ఎవరెవరివో బేరాలు, దగ్గులు, ఒకరి ఫోను మోత. తర్వాత మళ్ళీ బాబాయే. ఈసారి గొంతు పడుచుగా, నిండుగా, పెరడంతా మోగేలా ఉంది.

"అవన్నీ తర్వాతయ్యా. ముందు క్లచ్ ఎలాంటిదో చెప్పు. చువ్వ తగిలితే ఠక్కున జారాలి. నాకోసం కాదు, నేను ఎలాంటిదైనా తోలగలను. రేపట్నుంచి మా అన్న కూతురు నాతో వస్తోంది. దాని మణికట్టు చూశావుగా, చీపురుపుల్ల. ఆ చేతికి ఏమన్నా అయితే మా వదినకి నేను మొహం చూపించలేను."

అప్పుడే బిట్టు చువ్వకి తగిలింది.

టర్‌ర్‌ర్ మంది. ఆమె చేతిలో మిషన్ ఒక్కసారి అదిరి, అంతలోనే దానంతటదే ఆగిపోయింది. మణికట్టు ఎక్కడిదక్కడే ఉంది. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. ఉడత తన చేతి వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

"మూడు నెలల్నుంచి వస్తున్నాడు," అన్నాడు షాపాయన చివరికి. "నీతో అనొద్దన్నాడు. నేనైతే అనలేదు. ఏమన్నా అంటే ఆ గోడని అను."

"గేటు దగ్గర నిజంగానే చేరుతున్నాడా?"

"ఒప్పేసుకున్నాడు. సోమవారం పొద్దున సంతకం పెట్టాలట. ఒకసారి కూర్చున్నాక ఆ మనిషి ఇంక లేవడమ్మాయ్. అలాంటివాళ్ళని చూశాను నేను."

ఉడత బిట్టుని వెనక్కి లాగింది. పొడి బూట్ల మీద పడింది. మిషన్‌ని నేల మీద పెట్టి, పక్కనే గొంతుక్కూచుంది.

"ఏది ప్యాక్ చెయ్యమంటావు?"

"మధ్యదే. పెట్టెలో పెట్టకండి, అలాగే ఉంచండి. ఇంకొకళ్ళు నొక్కి చూడాలి."

షాపాయన తలూపి, చేట కోసం లోపలికి వెళ్ళాడు.

మెసేజ్ పెట్టడం సులువు. నాలుగు ముక్కలు టైపు చేసి, ఫోన్ ఆపేసి, రేపటిదాకా తియ్యకుండా ఉండొచ్చు. లేదా పిన్నితో చెప్పి, పిన్ని చేత చెప్పించొచ్చు. లేదా సోమవారం దాటనివ్వొచ్చు. అప్పుడిక చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఈ మూడు దారులూ ఆమె బుర్రలో వరసగా వచ్చి నిలబడ్డాయి, మూడూ బాగా నడిచి అరిగిన దారులే.

తెలిస్తే ఆయన తిడతాడేమో. తిట్టడు, అదే భయం. మాట్లాడకుండా ఊరుకుంటాడేమో. నాన్నకి తెలుస్తుంది. పిన్ని ఇంక ఆ ఇంటి గడప తొక్కనివ్వకపోవచ్చు. "మా ఉడత పసిపిల్లలా చూసుకుంటుంది" అన్న నోటితో ఆయన ఇంకేం అంటాడో ఊహించబోయి మధ్యలోనే ఆపేసింది.

అయినా చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నదే లెక్క. 'క్షమించు' మొదటి మాట కాకూడదు. అది తన బరువు దించుకునే మాట, దానికి తర్వాత చోటుంటే చూసుకోవచ్చు. ముందు ఆయనది ఆయనకి ఇచ్చెయ్యాలి. బాబాయ్, నీ చెయ్యి వదల్లేదు. ఆ రోజు నువ్వు పట్టు వదలకుండా పట్టుకున్నావు కాబట్టే అది విరిగింది.

అంతే. అక్కడ మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుంది. రాకపోతే లాగాలి.

ఉడత జేబులోంచి ఫోన్ తీసింది. పొడి అంటిన వేలికి అది తెరుచుకోలేదు. వేలుని చొక్కాకి తుడుచుకుంది, మళ్ళీ పెట్టింది, తెరుచుకుంది. బాబాయి నంబరు పైనే ఉంది.