ఆరో సర్వరు

"అప్‌డేట్ అంటే నా ఫోన్‌కీ వస్తుంది. ఒక్కసారి నొక్కితే అదే చేసుకుంటుంది. దానికోసం ఆదివారం పొద్దున్నుంచీ కూర్చోవాలా?" అన్నారు మా ఆయన, భోజనాల బల్ల మీదున్న నా ల్యాప్‌టాప్‌ని పక్కకి జరిపి కాఫీ కప్పు పెట్టుకుంటూ.

నేను స్టవ్ దగ్గరున్నాను. ఒక చెయ్యి గరిటె మీద, కళ్ళు తెర మీద. పెళ్ళయిన కొత్తలో అయితే జవాబు చెప్పేదాన్ని. ఒక్క పెద్ద సర్వరు లోపల పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేరు ఉంటుందనీ, లోపలున్న ఆ ఉత్తుత్తి కంప్యూటర్లని వర్చువల్ మెషిన్లంటారనీ, మా కంపెనీలో అలాంటి సర్వర్లు ఆరున్నాయనీ, అన్నీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయనీ ఉత్సాహంగా చెప్పేదాన్ని. ఆయన "ఊఁ" అంటూ టీవీ రిమోట్ వెతుక్కునేవారు. ఇప్పుడు ఆయన వెతుక్కోనక్కర్లేదు, నేనే చెప్పడం మానేశాను.

మా సర్వర్లలో ఉండేవి కొన్ని ఆసుపత్రుల రక్తపరీక్షల రిపోర్టులు. ల్యాబుల వాళ్ళు మూడు నెలలకోసారి మాకు ఒక ఆదివారం పది నుంచి రెండు దాకా వదిలిపెడతారు. ఆ నాలుగు గంటలూ వాళ్ళు కాగితాల మీద రాసుకుంటారు. ఈలోగా నేను ఒక సర్వర్లోని మెషిన్లని పక్క సర్వర్లోకి పంపి, ఖాళీ అయినదాన్ని అప్‌డేట్ చేసి, ఆపి మళ్ళీ మొదలుపెట్టి, సరిగ్గా లేచిందో లేదో చూసి, పంపినవాటిని వెనక్కి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంకోటి. సరిగ్గా చేస్తే చేసినట్టే ఎవరికీ తెలియదు. కిందటేడు జీతాల పెంపు సమయంలో మా మేనేజరు నా ఫైలు తిరగేసి, "మీ సెక్షన్లో ఈ ఏడాది చెప్పుకోదగ్గదేమీ జరగలేదు కదమ్మా" అన్నారు. ఏమీ జరగకుండా చూడడమే నా పని సార్ అనాలని మెట్లు దిగాక తట్టింది. ఈ పని ఇంటి నుంచి చేసుకోమన్నదీ ఆయనే. "ఆడవాళ్ళు, మీకు సౌకర్యంగా ఉంటుంది" అన్నారు. అప్పుడు థాంక్స్ చెప్పాను కూడా. ఆదివారం పనికి బదులు సెలవు అడిగితే మాత్రం, "ఇంట్లోనే కదా ఉన్నారు!" అని నవ్వారు.

ఆ ఆదివారమే మా వదిన వాళ్ళు భోజనానికి వస్తున్నారని శనివారం సాయంత్రం తెలిసింది. వదినంటే మా ఆయన అక్క. "మనవాళ్ళే కదా, ఏదో ఉన్నంతలో చేసెయ్యి" అన్నారు మా ఆయన. ఉన్నంతలో అంటే రెండు కూరలూ, ఒక తీపీ అని అత్తయ్య వివరించింది.

ఒంటిగంటన్నరకి అయిదు సర్వర్లు అయిపోయాయి. వంట కూడా అయింది. ఇక మిగిలింది ఆరోది. అది అన్నిటికంటే పాతది. పరీక్షల యంత్రాల నుంచి ఫలితాలు అందుకునే మెషిన్లు అందులోనే ఉన్నాయి, వాటిని ఇంకోచోటికి కదపడానికి వీల్లేదు. ఆపి, అప్‌డేట్ చేసి, మళ్ళీ లేపాలి. ఆపాను, అప్‌డేట్ మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే వదిన వాళ్ళు వచ్చారు. మంచినీళ్ళిచ్చి, కుశలాలడిగి వచ్చి చూసేసరికి సర్వరు లేచింది కానీ లోపలి మెషిన్లు ఒక్కటీ లేవలేదు. కొత్త కెర్నల్, అంటే లినక్స్‌కి మూలమైన భాగం, వచ్చింది. మెషిన్లని నడిపించే మాడ్యూలు, అంటే కెర్నల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము, మాత్రం దాంతో కలవనంటోంది. టైము రెండుకి రెండు నిమిషాలు తక్కువ.

"ఇక చాల్లే, వాళ్ళకి ఆకలవుతోంది" అని మా ఆయన వచ్చి ల్యాప్‌టాప్ మూసి, అలమరా మీద పెట్టి, బల్ల తుడిచారు. ఆయన బల్ల తుడవడం అత్తయ్య చూసి నొచ్చుకుంది. "నువ్వెందుకురా, అమ్మాయి ఉందిగా."

"ఒక్క పావుగంట. ఆసుపత్రుల వాళ్ళు ఎదురుచూస్తుంటారు" అన్నాను.

"అయితే నువ్వు డాక్టరువా చెల్లెమ్మా?" అన్నారు వదిన భర్త. అందరూ నవ్వారు. పాపం, ఆయన మంచివారే. నేనూ నవ్వాను. ఆ నవ్వే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వడ్డించాను. నన్నెవరూ కట్టేసి వడ్డింపజెయ్యలేదు. అలమరా నాలుగడుగుల దూరంలోనే ఉంది. వెళ్ళి తీసుకుంటే ఎవరు చెయ్యి పట్టుకుంటారు? అయినా నా కాళ్ళు వంటింటికీ బల్లకీ మధ్యే తిరిగాయి. అన్నం తెచ్చాను, నెయ్యి తెచ్చాను, ఉప్పు తక్కువైందంటే ఉప్పు తెచ్చాను. వంటింటి గట్టు మీద ఫోను ఆగకుండా వణుకుతోంది. ఎక్కడో ఒక ల్యాబులో ఎవరో కాగితాల బొత్తి పట్టుకుని ఖాళీ తెర ముందు నిలబడి ఉంటారు, పక్కన ఎవరి రిపోర్టు కోసమో ఎవరో కూర్చుని ఉంటారు. ఇక్కడ ఇంకో రెండు ముద్దలకి పెరుగు సరిపోతుందా అని నేను గిన్నెలోకి తొంగి చూస్తున్నాను. తలలో మాత్రం ఇంకోటి నడుస్తూనే ఉంది. మిగతా అయిదింటికీ రాని తంటా దీనికే ఎందుకొచ్చింది? పెరుగు వడ్డిస్తుంటే తట్టింది. ఇది నేను చేరకముందు ఎవరో పెట్టిన సర్వరు. కొత్త కెర్నల్‌కి తగ్గట్టు మాడ్యూలుని మళ్ళీ తయారు చేసుకోవాలంటే కావలసిన హెడర్ ఫైళ్ళు ఇందులో అసలు పెట్టనే లేదు. అవి పెడితే చాలు.

అందరూ కంచాల ముందు నుంచి లేవగానే గరిటె గిన్నెలో వదిలేశాను. గట్టు మీద నుంచి ఫోనూ, అలమరా మీద నుంచి ల్యాప్‌టాపూ తీసుకున్నాను. పడగ్గదిలో అత్తయ్య మందులేసుకుని నడుం వాల్చింది, హాల్లో మగవాళ్ళిద్దరూ టీవీ పెట్టారు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చున్నాను. రెండూ ముప్ఫై అయిదు.

ఫైళ్ళు దిగుతున్నాయి. తలుపు చప్పుడైంది. మా ఆయనేమో అనుకుని ల్యాప్‌టాప్‌ని గట్టిగా పట్టుకున్నాను. కాదు, వదిన. చేతిలో కంచం. అన్నం కలిపి తెచ్చింది.

"తినలేదుగా నువ్వు" అని పక్కనే కూర్చుంది. "అదేంటి, గీతల్లా అలా పరిగెడుతున్నాయి?"

చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పాను. ఏళ్ళ తర్వాత మొదటిసారి, మధ్యలో ఎవరూ రిమోట్ వెతుక్కోకుండా మొత్తం చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది. "మరి ఇది నువ్వు చెయ్యకపోతే?"

"ఎవరి రిపోర్టూ ఎవరికీ అందదు."

ఆవిడ కంచం ఒళ్ళో పెట్టుకుంది. "నేను స్కూలు ఉద్యోగం మానేసినప్పుడు అందరూ నా ఇష్టమేనన్నారు. పేపర్లు దిద్దుకోడానికి ఇంట్లో జాగా లేక మానేశాను. మెట్ల మీద కూర్చోవచ్చని నాకు తట్టనేలేదు" అంది. అని ఒక ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. నా చేతులు కీబోర్డు మీదున్నాయి. నోరు తెరిచాను.

మాడ్యూలు ఎక్కింది. మెషిన్లు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. రెండూ యాభై. ల్యాబు వాళ్ళకి ఫోన్ చేసి చెబితే, "హమ్మయ్య, పది మంది కూర్చున్నారు మేడమ్" అంది అవతలి గొంతు. లోపలికి వెళ్ళేసరికి మా ఆయన, "ఎక్కడికి పోయావు? టీ పెట్టలేదింకా" అన్నారు. పెట్టాను.

సోమవారం ఆఫీసులో నా టేబుల్ మీద ఒక ఫారం ఉంది. రెండింటికి ఇవ్వాల్సింది యాభై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాం కాబట్టి ఆసుపత్రులకి వివరణ పంపాలి. ఆలస్యానికి కారణం అన్నచోట ఏం రాయాలో మేనేజరు ముందే చెప్పి వెళ్ళారు. "సాంకేతిక కారణం అని పెట్టెయ్యండి, ఎవరూ అడగరు." నిజమే, ఎవరూ అడగరు. నిజం రాస్తే నా ఉద్యోగం మీదికే రావచ్చు. సర్వరు పడి ఉంటే వదిలేసి వెళ్ళిందని నా ఫైల్లో ఎక్కవచ్చు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అందులో చెప్పుకోదగ్గది ఉంటుంది. చాలాసేపు ఆ గడి వంక చూస్తూ కూర్చున్నాను. అలసటగా ఉంది. కోపమొస్తే బాగుండుననిపించింది కానీ రాలేదు. రాసి మేనేజరుకి పంపాను.

పావుగంటకి మేనేజరు ఫోన్ చేశారు. "ఏంటమ్మా ఇది? 'ఆ సమయంలో నేను ఇంట్లో భోజనాలు వడ్డిస్తున్నాను. ఇకపై ఈ పని ఆఫీసులోనే, పనిరోజుగా లెక్కవేస్తేనే చేస్తాను.' ఇలా రాస్తారా ఎవరైనా? పైవాళ్ళు చదువుతారు. సాంకేతిక కారణం అని మార్చండి."

"సాంకేతిక కారణం పావుగంటే సార్" అన్నాను. "మిగతా ముప్ఫై అయిదు నిమిషాలూ వడ్డనే."