టీవీ ముందర చోటు

ఇనుప ఖనిజం వ్యాగన్లలోకి ఎత్తే రైల్వే సైడింగ్ నుంచి ఇంటికి రాగానే ఉచ్చంగెమ్మ చేసే మొదటి పని, అరుగు మీద కూర్చుని ఒంటికి అంటుకున్నవన్నీ పీక్కోవడం. దారిలో పడున్న బోల్టు, ఎవరి బండిదో నట్టు, నాలుగైదు గుండుసూదులు, ఒక్కోసారి కండక్టరు టికెట్లకు పెట్టుకునే క్లిప్పు. రైలు వ్యాగన్ల కింద రాలిన ఇనుప ఖనిజం పొడిని ఆమె ఇరవై రెండేళ్లుగా ఊడ్చి కుప్ప పోస్తోంది. ఆ పొడి ఒంట్లోకి ఇంకి ఇంకి, మూడో ఏడు నుంచే ఇనుము ఆమె వైపు రావడం మొదలైంది. వాళ్ల ఊరు కూరెకుప్పలో సైడింగ్ ఆడవాళ్లు చాలామంది అంతే. దానికెవరూ ముక్కున వేలేసుకోలేదు.

పైగా బాగా వాడుకున్నారు. స్టీలు సామాన్లు కొనేవాళ్లు ఆమెను వెంటబెట్టుకుని పోతారు. మంచి స్టీలైతే కదలదు. నాసిరకమైతే బిందె దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగుతుంది. ఆమె సంతలోకి రాగానే సామాన్ల వ్యాపారులు కొందరు పట్టా మడిచేసుకుంటారు.

ఇంత పనికొచ్చే మనిషికి సొంత ఇంట్లో టీవీ చూసే భాగ్యం మాత్రం లేదు. కొడుకు సిద్ధేశ్ బడికి పోయే రోజుల్లో ఆమె కూలి డబ్బు కూడబెట్టి పిక్చర్ ట్యూబు టీవీ కొనింది. ముందు కూర్చోగానే బొమ్మ వంకర పోయింది. హీరోయిన్ చెంపలు పచ్చబడ్డాయి, ఆకాశం వంకాయ రంగుకు తిరిగింది. ఆ రోజు నుంచి టీవీ పెడితే ఆమె వంటింటి గోడ అవతల కూర్చోవాలి. పద్దెనిమిదేళ్లు అలాగే కూర్చుంది. సీరియళ్లలో ప్రతి అత్తగారి గొంతూ ఆమెకు తెలుసు, ఒక్కరి ముఖమూ తెలియదు. తలచుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

మొన్న ఆదివారం ఆ టీవీ టప్పుమని ఆరిపోయింది.

"పీడ పోయె" అంది ఉచ్చంగెమ్మ.

టిప్పరు తోలే సిద్ధేశ్ సాయంత్రానికల్లా ఉపాయం పట్టుకొచ్చాడు. "మా సూపర్‌వైజరు ఇంట్లో పాత టీవీ ఉండాదంటమా. మూడువేలకే ఇస్తాడంట. పెద్ద డబ్బా."

"ట్యూబుదేనా?"

"ట్యూబుదే. ఇంకా పదేండ్లు వస్తాది."

"నా చీటీ డబ్బు పన్నెండువేలు ఉండాది గదా. గోడకేసేది కొత్తది తెస్తాం."

"అవి ఇంకా సున్నితంమా. ట్యూబుకే రంగులు పోతాంటే, అంత సన్నవి నువ్వు దగ్గరికొస్తే పగిలేపోతాయి."

"ఎవరు చెప్పినారప్పా?"

"ఎవరో చెప్పేదేంది, అందరికీ తెలిసిందే."

అందరికీ తెలిసిన ఆ సంగతిని ఒక్కరు కూడా పరీక్ష చేసి చూడలేదు. చివరికి చేసింది కోడలు పుష్పావతి. మర్నాడు పొద్దున ఇద్దరూ శెనక్కాయలు ఒలుస్తుంటే, ఆమె ఫోనులో వంట వీడియో చూస్తూ అత్త పక్కకు జరిగింది. ఇంకొంచెం జరిగింది. భుజానికి భుజం తగిలింది. వీడియోలో టమాటా ఎర్రగానే ఉంది, కొత్తిమీర పచ్చగానే ఉంది.

"అత్తా, ఇది చూడు."

ఉచ్చంగెమ్మ చూసింది. చేతిలో శెనక్కాయలు చాటలో పడేసి లేచింది. "చీర మార్చుకో. తోరణగల్లుకు పోదాం."

తోరణగల్లులో గాళెప్ప టీవీల షాపుకు ముందువైపు అంతా అద్దమే. తలుపు మీద కన్నడంలో బోర్డు ఉంది: సైడింగ్ పనివాళ్లు బయటే నిలబడి చూడవలెను. ఆ తలుపు పక్కన ఒక ముసలమ్మ చెక్క స్టూలు మీద కూర్చుని, అద్దంలోంచి లోపలి టీవీలు చూస్తోంది. ఆమె చీర అంచు పొడుగునా మేకులు వేలాడుతున్నాయి.

"నువ్వూ సైడింగేనా అక్కా?"

"ముప్పై ఏండ్లు. నా పేరు పాపి. ఆ పేరంటే ఆడ ఇప్పటికీ గుర్తుపడతారు. ఈ గాళెప్ప నా కొడుకే."

"కొడుకు షాపు పెట్టుకోని నువ్వు ఈడ కూర్చోనుండావా?"

"షాపు తెరిచిన పొద్దు లోపలికి పోయింటి. తొమ్మిది ట్యూబు టీవీలు ఒక్కసారే వంకాయ రంగు అయిపాయ. ఆ పొద్దే వాడు బోర్డు రాయించె." పాపి నవ్వింది. "ఈడా బాగుండాదిలేమా. బొమ్మలన్నీ కనపడతాయి. మాటలే ఇనపడవు. అవి నేనే కల్పించుకుంటా."

ఉచ్చంగెమ్మకు నవ్వు రాలేదు. ఈమెకు బొమ్మ ఉంది, మాట లేదు. తనకు మాట ఉంది, బొమ్మ లేదు. ఇద్దరికీ కలిపి ఇన్నేళ్లలో ఒక్క టీవీ దక్కింది. తలుపు తోసింది.

గాళెప్ప పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా! బోర్డు చూల్లేదా? నీ కోడల్ని పంపీ. నువ్వు ఆడ్నే నిలబడు, అన్నీ చూపిస్తా."

"కొంటాండేది నేను. నేనే చూస్తా."

"ఇరవై టీవీలు ఆన్‌లో ఉండాయమ్మా! పోతే యాడ తేవాల?"

"పోతే నా పన్నెండువేలు పెట్టుకో. పోకపోతే ఆ బోర్డు తీసెయ్."

అని గడప దాటింది. కౌంటరు మీది స్క్రూలు గలగలమంటూ ఎగిరొచ్చి ఆమె కొంగుకు అతుక్కున్నాయి. స్టేప్లరు వచ్చి మోచేతికి వేలాడింది. గాళెప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

తెరిచేసరికి ఇరవై టీవీల్లో ఇరవై చిలకలు, ఆకుపచ్చగా, ముక్కులు ఎర్రగా, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఉచ్చంగెమ్మ ఒక తెరకు చెంప ఆనించింది. అరచెయ్యి పెట్టి రుద్దింది. చిలక రవ్వంత కూడా వంకర పోలేదు.

"ఇట్లాంటివి ఎప్పట్నించి అమ్ముతాండావప్పా?"

"పదేండ్లయితాది."

"పదేండ్లలో ఒక్క పొద్దు గూడా మీయమ్మను పిలిచి చూడకపోతివా?"

గాళెప్ప ఏదో వైరు సర్దుతూ ఉండిపోయాడు.

అప్పుడు ఆమె తీరిగ్గా ఎంచుకోవడం మొదలుపెట్టింది. ఒక్కో టీవీ ముందు గొంతుక్కూర్చుంది, ఇంట్లో కూర్చున్నట్టే. ఇరవైనాలుగు అంగుళాల దాంట్లో మనుషులు చీమల్లా ఉన్నారంది. నలభైమూడు అంగుళాల దాని ధర విని, అసలు అడగనట్టే పక్కకు జరిగింది. ముప్పైరెండు దగ్గర ఆగింది.

"ఇది పదమూడమ్మా. యూట్యూబు గూడా వస్తాది" అన్నాడు గాళెప్ప.

"యూట్యూబుది తీసుకుందాం అత్తా" అంది పుష్పావతి.

"బోర్డు పందెం ఓడినావు గదప్పా. పన్నెండు చేసుకో."

"ఆయ్తమ్మా" అన్నాడు అతను. బేరమాడే ఓపిక అతనిలో మిగల్లేదు.

ఇంతలో సిద్ధేశ్ ఫోను. "అమ్మా, సూపర్‌వైజరుకు మాటిచ్చినా. డబ్బాను ఆటోలో ఏసుకోని వస్తాండా."

"తెచ్చుకో నాయనా. నీ మంచం పక్కన పెట్టుకో. గోడ మాత్రం నాది. దాని ముందర చాప గూడా నాదే. నువ్వు కూర్చోవాలంటే నన్నడిగి కూర్చో" అని ఫోను పెట్టేసింది. పుష్పావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పని అయిపోయింది, ఇక బయల్దేరవచ్చు. ఉచ్చంగెమ్మ వెనక్కి తిరిగింది. పాపి స్టూలు మీంచి లేచి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించి చూస్తోంది. ఉచ్చంగెమ్మ తలుపు దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"రా అక్కా."

"బేడమ్మా. నాకు ఈడ అలవాటైపోయె."

"నాకూ గోడెనక అలవాటే. రా."

పాపి వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి ఈ చేతికి తగిలింది. అంతే, ముప్పై ఏళ్ల ఇనుమూ ఇరవై రెండేళ్ల ఇనుమూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. పాపి విడిపించుకోబోయింది, రాలేదు. గాళెప్ప వచ్చి మెల్లగా లాగాడు, తర్వాత కాలు తన్నిపెట్టి లాగాడు. వేలు కూడా ఊడలేదు.

"ఇంక ఇద్దరం లోపలికన్నా పోవాల, ఇద్దరం ఈడన్నా కూర్చోవాల" అంది ఉచ్చంగెమ్మ. "నేనైతే ఈడ కూర్చోను."

పాపి కొడుకు ముఖం చూసింది. అతను తల దించుకుని తలుపు పట్టుకున్నాడు. షాపు తెరిచిన ఇన్నేళ్లకు రెండోసారి ఆమె ఆ గడప దాటింది.

ఇద్దరూ అట్టపెట్టెల మీద కూర్చున్నారు, చేతులు అలాగే కలిసి ఉన్నాయి. గాళెప్ప చిలకల్ని తీసేసి పెద్ద టీవీలో సీరియల్ పెట్టాడు, రోజూ షాపులో పెట్టినట్టే సౌండు లేకుండా. అందులో ఒక ఆవిడ వేలు చూపించి ఎవరినో ఏదో అంటోంది. పాపి కాసేపు ఆ పెదవుల్నే చూసింది.

"సౌండు పెట్టరా."

అతను రిమోటు నొక్కాడు.

"ఈమెనా!" అని కేక వేసింది ఉచ్చంగెమ్మ. "ఈ గొంతుకు ఇంత చిన్న ముఖమా!"

"ఇంత మెత్తగా మాట్లాడతాదా ఈమె?" పాపికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, ఇన్నేండ్లూ ఈమెతో నేను ఒట్టి తిట్లే తిట్టించినా గదమా!"

గాళెప్ప బయటికి పోయి స్టూలు తెచ్చి, అమ్మ పక్కన వేశాడు. బోర్డు ఊడబీకడానికి స్క్రూడ్రైవరు కోసం వెతికితే, అది పాపి నడుముకే అతుక్కుని ఉంది. మెల్లగా తీసుకున్నాడు. ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ముందు తలుపు తెరిచిపెట్టు" అంది. "సౌండు ఇంకా పెంచు. అద్దం అవతల నిలబడే మన సైడింగు వాండ్లకు గూడా ఇనపడాల."